నిలిచిన కొయ్య, మునిగిన కొయ్య

పునాదిని త్యాగానికి ప్రతిరూపంగా భావించడం మన సాహిత్యంలో చిరకాలంగా వస్తున్న అలవాటు. శిఖరానికి వెలుగు, పునాదికి చీకటి. శిఖరానికి కీర్తి, పునాదికి మౌనం. హిందీలో రామవృక్ష బేనీపురి రచించిన ‘నీంవ్ కీ ఈంట్’ అనే వ్యాసాన్ని పాఠశాలలో చదువుకొన్న తరాలకు ఈ భావం ఎంత ఉదాత్తమైనదో వేరుగా చెప్పనక్కరలేదు. భవనం లోకం కంట నిలవడానికి తనను తాను నేలలో పూడ్చుకొన్న ఇటుకను ఆయన కీర్తించాడు. ఆ కీర్తనలో సత్యం లేకపోలేదు. అయినా ఒక సందేహం మిగిలిపోతుంది. మోసేవానిని త్యాగి అని పిలిచిన మరుక్షణమే మోయించుకొనేవాని బాధ్యత ఒక పూలదండతో తీరిపోతుంది. త్యాగి ఏమీ కోరడు గదా! కోరనివానికి ఇవ్వవలసినది మాత్రం ఏమున్నది? ఈ తర్కం వినడానికి ఎంత హాయిగా ఉంటుందో ఆచరణలో అంత క్రూరంగా పరిణమిస్తుంది.

ఇటుకను ఉదాహరణగా తీసుకొన్నంతకాలం ఈ లోపం బయటపడదు. ఇటుక ఎక్కడ ఉన్నా ఇటుకే. చీకటిలో ఉన్నా, ఎండలో ఉన్నా దాని స్వభావం పెద్దగా మారదు. కొయ్య అట్లా కాదు. దానికి నచ్చిన చోటు ఒకటి, గిట్టని చోటు ఒకటి ఉన్నవి. కొయ్య పునాది మీద కొయ్య స్తంభాన్ని నిలిపే పనిలో, నిలిచినదానికీ మోసేదానికీ నడుమ గల ధర్మం ఏమిటన్న ప్రశ్న దాదాపు కంటికి కనబడే రూపం ధరిస్తుంది. అందుచేత ఈ ప్రశ్నను తత్త్వవేత్తను అడగడానికి ముందు వడ్రంగిని అడగడం మంచిది.

ఈ విచారణకు బిలాస్‌పూర్ వంటి పట్టణం తగిన స్థలం. అర్పా నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి బిలాసా అనే కేవట స్త్రీ పేరు వచ్చిందని అక్కడి ఐతిహ్యం. ఆ పల్లె పట్టణమైనది మాత్రం రైలు వల్ల. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన దారిని నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా తూర్పున ఆసన్‌సోల్ వైపు పొడిగించింది. 1891 నాటికి ఆ మార్గం పూర్తి అయింది. ఆ రైలుకొలువులు వెంటబెట్టుకొని వచ్చినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. రైల్వే కాలనీలలో నేటికీ వారి సంతతి వినబడుతుంది, కనబడుతుంది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కార్యస్థానం. అయితే ఇనుప దారి అని పిలిచినదంతా నిజానికి మొదట కొయ్య మీద నిలిచిన దారి. రైలు పట్టా కింద పరచిన స్లీపర్లు అడవి నుండి వచ్చినవి. ఛత్తీస్‌గఢ్ వారు సరై అని, తెలుగువారు గుగ్గిలపు చెట్టు అని, సంస్కృతులు సాలమని పిలిచే వృక్షం ఇందుకు పేరుమోసినది. దాని చేవ అంతటిది. చేవ అనే మాటను మనిషికీ కొయ్యకూ ఒకే అర్థంలో వాడిన భాష తెలుగు. ఈ మాటను కనిపెట్టినవాడు తప్పక కొయ్య పని తెలిసినవాడై ఉండాలి.

బురదనేలలో గాని, నది ఒడ్డున గాని కట్టడం లేవదీయవలసి వచ్చినప్పుడు, గట్టి నేల అందేదాక కొయ్య గుంజలను బరువైన దిమ్మెతో మోది దిగగొట్టడం ప్రపంచమంతటా ఎరిగిన పద్ధతి. దిగిన గుంజ తల దెబ్బలకు చితికి, పీచులు విచ్చుకొని, కుంచెవలె అవుతుంది. ఆ చితికిన భాగాన్ని గట్టి కొయ్య తగిలేంతవరకు కోసివేసి, అన్ని తలలనూ ఒకే మట్టానికి తేవాలి. ఆ తలల మీదుగా అడ్డదూలం పరుస్తారు. దూలం గుండా గుంజలోకి సన్నని బెజ్జం తొలిచి, బెజ్జంకంటె కొంచెం లావైన ఇనుప కడ్డీని మోది దించితే రెండూ ఒకటవుతవి. ఆ దూలం మీద స్తంభం నిలుస్తుంది. స్తంభం అడుగున చెక్కిన మొన దూలంలో తొలిచిన గూటిలో కూర్చుంటుంది. లేదా ఇరువైపులా ఇనుప పట్టీలు దాన్ని జరగనీయకుండా పట్టి ఉంచుతవి.

చెప్పడానికి ఇంతే. కష్టమంతా ఇక్కడి నుండే మొదలవుతుంది. గుంజకు పట్టించిన తారు గాని, క్రియోసోట్ గాని చాలవరకు పైపొరలోనే ఇంకుతుంది. తల కోయగానే ఆ రక్షణ తొలగి, లోపలి కొయ్య పచ్చిగా బయటపడుతుంది. పైగా కొయ్య నీటిని పక్కల నుండి కన్న కోసిన కొన నుండి ఎన్నో రెట్లు త్వరగా తాగుతుంది. అనగా, కలపడం కోసం ఏ చోటును సిద్ధం చేశారో ఆ చోటే అన్నిటికంటె నిస్సహాయమైనది. స్తంభపు మొన కూర్చునే గూడు సంగతి కూడా ఇంతే. అది ఎంత చక్కగా కుదిరితే అంత మంచిదని పని తెలియనివాడు అనుకొంటాడు. వానాకాలంలో ఆ గూడు నీళ్లు నిలిచే గిన్నె అవుతుంది. తెలిసిన వడ్రంగి దాని అడుగున నీరు జారిపోయే సందు ఒకటి విడుస్తాడు. కలయికలో చోటు విడవడం బలహీనత కాదని అతనికి తెలుసు. పచ్చికొయ్య ఆరినకొద్దీ ముడుచుకొంటుంది. నిరుడు బిగించిన మర ఈ ఏడు వదులవుతుంది. కాబట్టి కీలును మళ్లీ తెరిచి బిగించే వీలు ఉంచాలి. ఒక్కసారి బిగించి, మట్టి కప్పి, మరచిపోదగిన కలయిక కొయ్య పనిలో లేదు.

మన వాస్తుశాస్త్ర కర్తలు దీనిని తేలికగా తీసుకోలేదు. మానసారంలోనూ మయమతంలోనూ కొయ్యల సంధులకు ప్రత్యేకించి ఒక అధ్యాయమే ఉన్నది. మల్లలీల, బ్రహ్మరాజ, వేణుపర్వ వంటి పేర్లు ఆ సంధులకు పెట్టారు. వెదురు కణుపు పేరును కీలుకు పెట్టడంలోని ఔచిత్యం గమనింపదగినది, ఎందుకంటే వెదురుకు కణుపే బలం. స్తంభాన్ని నిలిపేటప్పుడు చెట్టు మొదలు కిందికి, కొస పైకి ఉండాలన్నది మన శిల్పుల నియమం. తలకిందులైన స్తంభం అశుభమని వారి నమ్మకం. కాని నేలలో దిగగొట్టే గుంజ విషయంలో పద్ధతి తారుమారు. సన్నని కొస సులువుగా నేలను చీల్చుకొని దిగుతుంది గనుక కొస కిందికి పోతుంది, లావైన మొదలు పైకి మిగులుతుంది, దిమ్మె దెబ్బలు మొదలే తింటుంది. ఫలితంగా స్తంభమూ పునాదిగుంజా కలిసే చోట రెండు చెట్ల మొదళ్లు ఎదురెదురుగా నిలుస్తవి. ఒకటి ఆకాశం వైపు పెరిగినట్టు, ఒకటి పాతాళం వైపు పెరిగినట్టు. భగవద్గీతలో వేళ్లు పైకీ కొమ్మలు కిందికీ గల అశ్వత్థాన్ని విన్నవారికి నేలలోని ఈ చెట్టు కొత్తది కాదు.

ఈ దృశ్యంలో త్యాగం ఎక్కడ ఉన్నది? కిందికి పోయినది నిజంగా ఏం కోల్పోయింది? కొయ్యను కుళ్లబెట్టే బూజుకు బతకడానికి నీరూ గాలీ రెండూ కావాలి. ఎండలో ఆరిన దూలానికి గాలి ఉన్నది, నీరు లేదు. అది నూరేళ్లు నిలుస్తుంది. నీటిమట్టానికి దిగువన ఎప్పుడూ మునిగి ఉన్న గుంజకు నీరు ఉన్నది, గాలి లేదు. అది అంతకన్న ఎక్కువ కాలం నిలుస్తుంది. సముద్రపు నీటిలో కొయ్యపురుగు బాధ, మంచినీటిలో కొన్ని సూక్ష్మజీవుల మందగమనపు కొరుకుడు ఉండకపోవు. అయినా కాలం అక్కడ చాలా నెమ్మదిగా నడుస్తుంది. పాటలీపుత్రానికి కొయ్య గోడ ఉన్నదని, దానికి 570 బురుజులు, 64 ద్వారాలు అని మెగస్తనీసు చెప్పిన మాటను చాలామంది అతిశయోక్తి అనుకొన్నారు. పట్నా సమీపాన బులందీబాగ్‌లో తవ్వకాలు జరిగినప్పుడు తడినేలలో సాలపు దూలాల వరుసలు నిలిచే ఉన్నవి. వెనిస్ నగరంలో సెయింట్ మార్క్ గంటగోపురం 1902 జులై 14న కూలిపోయినప్పుడు అందరూ పునాదిని అనుమానించారు. తవ్వి చూడగా నడుమ యుగం నాటి కొయ్య గుంజలు చాలవరకు గట్టిగానే ఉన్నవి. వాటికి మరికొన్ని తోడుచేసి, 1912లో గోపురాన్ని తిరిగి నిలిపారు. పడినది పైదే. నిందను మాత్రం మొదట కిందిది మోసింది.

మునిగి ఉండటం ఆ గుంజకు శిక్ష కాదు, త్యాగమూ కాదు. అది దాని క్షేమం. అది క్షేమంగా ఉండే పరిస్థితిని ఇతరులు చెడగొట్టకుండా ఉంటే చాలు, మోయడం దానికి కష్టం కాదు. కుళ్లు పుట్టేది పైనా కాదు, కిందా కాదు. నీరు ఒకనాడు వచ్చి, ఒకనాడు పోయి, గాలి ఒకనాడు తగిలి, ఒకనాడు తగలని ఆ నడిమి గీత దగ్గర పుడుతుంది. చైత్ర వైశాఖాల్లో పగుళ్లుబారే నేల, ఆషాఢం వచ్చేసరికి బురదయ్యే నేల ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో ఈ సంగతి ఏ పల్లె రైతుకైనా తెలుసు. కంచె గుంజ ఎక్కడ విరుగుతుందని అడిగితే అతడు నేలమట్టానికి వేలు చూపుతాడు.

ఇక్కడికి వచ్చేసరికి ప్రశ్న రూపం మారుతుంది. ఆ నీటిగీతను కాపాడవలసినవాడు ఎవడు? అమెరికాలోని బోస్టన్ నగరం ఈ ప్రశ్నను చాలా ఖర్చుతో నేర్చుకొంది. అక్కడ బ్యాక్ బే అనే ప్రాంతం ఒకప్పటి ఉప్పునీటి పర్రను పూడ్చి కట్టినది. ఇండ్లన్నీ కొయ్య గుంజల మీద నిలిచినవి. ట్రినిటీ చర్చి ఒక్కదాని కింద సుమారు 4500 గుంజలు ఉన్నవి. గుంజల తలలు భూగర్భజలంలో మునిగి ఉన్నంతకాలం అంతా సవ్యంగా సాగింది. 1929లో అక్కడి ప్రజా గ్రంథాలయ భవనానికి బీటలు కనిపించినవి. తవ్వి చూస్తే ఎన్నో గుంజల తలలు కుళ్లి ఉన్నవి. కారణం భారం కాదు. నేల లోపలి మురుగు గొట్టాలలోని సందుల గుండా భూగర్భజలం కొద్దికొద్దిగా జారిపోయి, నీటిమట్టం పడిపోయింది.

ఈ కథలో దుర్మార్గుడు లేడు. తన ఇంటి నేలమాళిగ తడవకుండా నీళ్లు తోడించుకొన్న గృహస్థుడు ఉన్నాడు, గొట్టం పగిలినా పని సాగుతున్నదని చూడక ఊరుకొన్న ఉద్యోగి ఉన్నాడు. వారికి తమ పొరుగువాని పునాది ఎండుతున్నదని తెలియదు. పొరుగువానికీ తెలియదు. గుంజకు నోరు లేదు. పగలు గోడ మీదికి వచ్చేదాక కాలం గడిచిపోతుంది. అన్యాయం ఎప్పుడూ కోపంతో జరుగుతుందని భావించే నీతిశాస్త్రానికి ఇటువంటి హాని అంతుబట్టదు. 1986లో ఆ నగరం భూగర్భజలాన్ని కనిపెట్టి ఉండటానికే ఒక ధర్మకర్తల సంస్థను ఏర్పాటు చేసుకొంది. వీధులలో చిన్న చిన్న పరిశీలన బావులు దించి, నీరు ఎంత లోతున ఉన్నదో ఆ సంస్థ కొలుస్తుంది. గుంజలను ఎవరూ పొగడరు. వాటికి కావలసిన నీరు ఉన్నదా లేదా అని మాత్రం చూస్తారు.

రైలుదారి మీద ఇటువంటి చూపు పాతదే. కీమన్ తన బీటు పొడవునా ప్రతిరోజూ నడుస్తాడు. పట్టానూ స్లీపరునూ కలిపే బిగింపులను ఒక్కొక్కటిగా చూస్తాడు. వదులైనదాన్ని సుత్తితో బిగిస్తాడు. కొయ్య స్లీపర్ల కాలంలో చెవి కూడా పనిచేసేది: చేవగల కొయ్యను తడితే ఒక నాదం, లోన గుల్లయినదాన్ని తడితే మరొక నాదం. ప్రధాన మార్గాలలో ఇప్పుడు కాంక్రీటు స్లీపర్లు వచ్చినవి. కిలోమీటరుకు 1660 చొప్పున పరుస్తారు. కొయ్య పోయినా కీమన్ నడక పోలేదు. రైలులో కూర్చున్నవాడు ఇంజనును చూస్తాడు, పట్టాను చూస్తాడు. పట్టా స్లీపరుకు అతుక్కొన్న చోటును చూచేవాడు కాలినడకన పోయే మనిషి ఒక్కడే.

ఇక అదే బిలాస్‌పూర్ స్టేషనులో, పంట కోతలు ముగిసిన రోజులలో, మూటలూ వంటపాత్రలూ పిల్లలతో రైలు కోసం కాచుకొని ఉండే జనాన్ని కూడా చూడవలసి ఉన్నది. ఆ జిల్లాల నుండి మట్టిపనికీ ఇటుకల బట్టీలకూ మనుషులు వెళ్లడం రైలు వచ్చిన కాలం నుండి సాగుతున్నది. అస్సాం తేయాకు తోటలకు వెళ్లారు, కలకత్తా వైపు కర్మాగారాలకు వెళ్లారు, ఉత్తరాది ఇటుకల బట్టీలకు నేటికీ వెళుతున్నారు. ఊరి పేరే కొన్నిచోట్ల వారి పేరయింది: బిలాస్‌పురియా. నగరాల పునాదులు తవ్విన ఈ చేతులను ‘పునాది రాళ్లు’ అని ఉపన్యాసాలలో సంబోధించడం ఎవరికీ కష్టం కాదు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం చేసిన చట్టం మరొక భాష మాట్లాడింది. త్యాగం మాట ఎత్తక, రానుపోను ప్రయాణపు ఖర్చు, ఇల్లు విడిచి వచ్చినందుకు భత్యం, కార్మికుని పేర ఒక పాసుపుస్తకం ఉండాలన్నది. అది ఎంతవరకు అమలు అయిందన్నది వేరే కథ, సంతోషకరమైన కథ కాదు. కాని ఆ మూడింటి జాబితాలో ఉపన్యాసాలలో లేని వివేకం ఉన్నది. మనిషిని తన నీటిలో నుండి పైకి తీసినప్పుడు అతడు ఎండిపోయేది ఏ చోటనో చట్టం రాసినవారు ఊహించగలిగారు. మోసేవానికి మెప్పు చాలునన్న మాటకు ఈ చట్టమే సమాధానం.

హరేలీ అమావాస్యనాడు ఆ ప్రాంతపు పిల్లలు గేడీ ఎక్కి వీధుల్లో నడుస్తారు. పొడవాటి వెదురు కర్ర, దానికి అడ్డంగా అడుగు పెట్టడానికి ఒక చెక్క, ఆ రెంటినీ కలిపే తాటికట్టు, ఇంతే గేడీ. కర్ర ఎంత పొడవైతే అంత గొప్ప అని పిల్లవాడు అనుకొంటాడు. ఇంట్లో పెద్దవాళ్లు ముందు కట్టును లాగి చూస్తారు.

పునాదిని పైకి తెచ్చి గౌరవించడం న్యాయం కాదా అని అడిగేవారు ఉన్నారు. మరుగున పడినదాన్ని వెలుగులోకి తేవడమే కృతజ్ఞత అని వారి అభిప్రాయం. దీనికి సమాధానం పూర్వపు బిలాస్‌పూర్ జిల్లాలోనే దొరుకుతుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో చెరువు తవ్వించిన తరువాత దానికి పెండ్లి చేసే ఆచారం ఉన్నది. పెండ్లి కానిదే ఆ నీటిని వాడరు. చెరువు నడుమ ఒక కొయ్య స్తంభాన్ని నిలుపుతారు. 1993లో వెలువడిన ‘ఆజ్ భీ ఖరే హైఁ తాలాబ్’ అనే హిందీ గ్రంథంలో అనుపమ్ మిశ్ర ఇటువంటి స్తంభాలను గురించి ఎంతో ఆదరంతో రాశాడు. కిరారీ అనే గ్రామంలో హీరాబంధ్ అనే చెరువు ఉన్నది. 1921 ఏప్రిల్‌లో, చెరువు ఎండిపోయి ఉండగా, పొలాల కోసం ఒండ్రు తవ్వుతున్న రైతులకు బురదలో ఒక కొయ్య స్తంభం తగిలింది. దాని మీద బ్రాహ్మీలిపిలో అక్షరాలు ఉన్నవి. లిపిని బట్టి అది క్రీస్తుశకం 2వ శతాబ్దానిదని, శాతవాహనుల కాలానిదని పండితులు తరువాత నిర్ణయించారు. సుమారు పదిహేడు వందల ఏళ్లు ఆ బురద ఆ కొయ్యను కంటికి రెప్పవలె కాపాడింది.

పైకి తీసినవారు దాన్ని ఎండలో ఉంచారు. ఇందులో దురుద్దేశం ఏమాత్రం లేదు. తడిసిన కొయ్యను ఎవరైనా ఎండలోనే ఆరవేస్తారు. కొయ్య ఆరుతూ పగిలింది. పై పొరలు పెచ్చులుగా లేచినవి, వాటితోపాటు అక్షరాలూ రాలినవి. శతాబ్దాల చీకటి చేయలేని పనిని కొన్నాళ్ల వెలుగు చేసింది.

అప్పుడు ఆ ఊరి పండితుడు లక్ష్మీప్రసాద్ ఉపాధ్యాయ అనే ఆయన, అక్షరాలు పూర్తిగా పోకముందే, చూచినది చూచినట్టు కాగితం మీద గీసుకొన్నాడు. ఆ కంటి నకలును ఆధారం చేసుకొని హీరానంద శాస్త్రి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో శాసనాన్ని ప్రకటించాడు. అది రాజు ప్రశస్తి కాదు. ప్రాకృతంలో ఉద్యోగుల పేర్లు, పదవులు: నగరరక్షి, సేనాపతి, గణకుడు, భాండాగారికుడు, ఏనుగు నెక్కేవాడు, గుఱ్ఱమెక్కేవాడు, వంటశాల అధికారి, గోవుల మందలు చూచేవాడు, లేఖలు మోసేవాడు. రాజ్యాన్ని మోసినవారి పట్టిక అది. పురావస్తు శాఖ పంపిన నిపుణుడు కాదు, పల్లెలోని ఒక పండితుడు ఆ రెండు కాలాల నడుమ కీలుగా నిలిచాడు. ఆయన స్తంభాన్ని పొగడలేదు, దాని చుట్టూ మందిరం కట్టించమని కోరలేదు. రాలిపోతున్న చోటు ఏదో చూచి, అక్కడ కూర్చొని పనిచేశాడు.

ఆ స్తంభం నేడు రాయపూర్‌లోని మ్యూజియంలో ఉన్నది. దాని మీద మిగిలిన అక్షరాలు కొద్ది; తక్కినవి ఉపాధ్యాయ గీసిన నకలు వల్లనే అచ్చులో నిలిచినవి.